దూది పెట్టుకుని రాసిన ఉత్తరాలు

1993వ సంవత్సరం జూన్ పదకొండవ తేదీ ఉదయం, కురవాలో మానాలో తేల్చుకోలేని ఆకాశం ఒక పక్క మబ్బును, మరో పక్క ఎండను పెట్టుకుని తటపటాయిస్తున్న వేళ, మడిచిన గొడుగు చంకన పెట్టుకుని మన వినికిడి యంత్రాల సంస్థ మెట్లెక్కి, టైపిస్టుగా ఉద్యోగంలో చేరినవారు మనమందరం ఉత్తరాల అక్కయ్య అని పిలుచుకునే అక్కయ్యగారు. ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న వారి ముప్పై రెండేళ్ల సేవను నాలుగు పేరాల్లో ఇమడ్చడం అయ్యే పని కాదు. ఏమీ రాయకుండా ఊరుకోవడం అంతకన్నా కానిపని గనుక ఈ ప్రయత్నం.

చేరిన కొత్తలో వారి బాధ్యత కొనుగోలుదారుల ప్రశ్నలకు పైనుంచి వచ్చిన జవాబులను తప్పుల్లేకుండా టైపు చేయడం వరకే. అయితే ప్రతి జవాబు అడుగునా తనవిగా రెండు వాక్యాలు చేర్చడం వారికి అలవాటైంది. చీవాట్లు పెట్టడానికి పిలిచిన నాటి మేనేజరుగారు ఆ రెండు వాక్యాలూ నిలబడే చదివి, తర్వాత కూర్చుని మళ్లీ చదివి, “రేపటినుంచి పైవి కూడా నువ్వే రాయమ్మా” అన్నారు. మన యంత్రాన్ని కొనమని కోరుతూ వేలాది ఇళ్లకు తపాలాలో వెళ్లిన ఉత్తరాలూ, తపాలా రోజులు పోయి వెబ్ పేజీ వచ్చాక అందులో నాలుగు పుటల పొడవున నిలిచిన ఉత్తరమూ అలా వారి చేతి మీదుగా పుట్టినవే.

వారి పద్ధతి చూసినవారికి గుర్తుండే ఉంటుంది. ఉత్తరం రాయవలసిన రోజున వారు ఉదయమే రెండు చెవుల్లో దూది పెట్టుకుని, మధ్యాహ్నం దాకా ఆ దూదితోనే మనందరి మధ్యా తిరిగేవారు. పిలిస్తే పలకరు, ఫోను మోగితే తిరగరు. ఆ తర్వాతే కలం పట్టేవారు. రాసినది ఇంటికి తీసుకెళ్లి మామగారి ముందు పెట్టేవారు. నలభై ఏళ్లు కుట్టుమిషన్ల హోరులో బట్టలు కుట్టి, ఆ హోరుకే వినికిడిని ధారపోసిన దర్జీ ఆయన. వరుస కింద వేలు పెట్టి నిదానంగా చదివేవారు. వేలు సాగిపోయినంత మేరా రాత బాగున్నట్టు. వేలు ఆగి వెనక్కి వచ్చిన చోట అక్కయ్యగారు పెన్సిలుతో చుక్క పెట్టేవారు. మర్నాటికి ఆ చోటులో మాట మారేది. ఇంతకు మించిన పరీక్ష వారికి తెలియదు, అవసరపడనూ లేదు.

ఆ ఇంటి గురించి మరొక్క సంగతి చెప్పాలి. పళ్లేలూ గరిటెలూ చేసే చప్పుడు యంత్రంలో మోత మోగిపోతుంది గనుక మామగారు భోజనానికి కూర్చోగానే చెవికున్న యంత్రాన్ని తీసి, గుండీలు దాచుకునే చిన్న డబ్బాలో పెట్టి మూత వేస్తారు. ఆయన మూత వేశాక ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడరు. ఆయనకు వినబడని మాట తమకూ వద్దని ఎప్పుడో అనుకున్నారట.

ఆరేళ్ల క్రితం అక్కయ్యగారి ఉద్యోగానికి గండం వచ్చింది. యజమానిగారు అందరినీ సమావేశపరచి, పేజీలోని ఉత్తరాన్ని తీసేసి వీడియో పెడుతున్నట్టు ప్రకటించారు. “ఇప్పుడు ఎవరమ్మా చదివేది? అందరూ చూసేవాళ్లే” అన్నారు, అక్కయ్యగారి వైపు చూడకుండా. వారి బల్ల నడవాలోకి, స్టేషనరీ బీరువా పక్కకు జరిగింది. నెల గడిచాక ఆ బల్ల కూడా ఉండకపోవచ్చునని, తామే ముందుగా విరమించుకుంటే మర్యాదగా ఉంటుందని కబురూ అందింది. ఇల్లు వారి జీతం మీద నడుస్తున్న రోజులవి. వారు ఎవరినీ ఒక మాట అనలేదు. గొడుగు తగిలించడానికి నడవాలో మేకు లేదని మాత్రం అన్నారు.

మనం కెమెరా తమ్ముడని పిలుచుకునే వీడియో విభాగపు మిత్రుడు శ్రమకోర్చి తీసిన చిత్రం అది. తెల్లకోటు వేసుకున్న చెవి డాక్టరుగారు ఆరు నిమిషాలపాటు ఎంతో చక్కగా వివరించారు, వెనక సన్నగా సంగీతం. పదిహేను మందిమి హాల్లో కూర్చుని చూసి చప్పట్లు కొట్టాం. పది రోజుల్లో చూసినవారు వేలల్లో తేలారు. రోజుకు నలభైకి తగ్గని పార్సెళ్లు మాత్రం నాలుగుకు పడిపోయి, ప్యాకింగు బల్ల ఈగలు తోలుకుంది. ఒక కోడలుగారు ఫోను చేసి, “మా అత్తగారు ఆ ఉత్తరం ఏదని అడుగుతున్నారండీ, సగం చదివి ఆపారట” అన్నారు. వీడియో చూడమని చెప్పండి అన్నాం. “చూశారండీ. చూసే ఉత్తరం అడుగుతున్నారు” అన్నారామె. అప్పటికీ మనకు తట్టలేదు.

ఆ సాయంత్రం మామగారు యంత్రాన్ని ఒళ్లో పెట్టుకుని మెత్తటి బట్టతో తుడుచుకుంటూ ఉంటే, అక్కయ్యగారు పాత అలవాటు కొద్దీ ఫోనులో వీడియోను ఆయన ముందు పెట్టారు. ఆయన మూడుసార్లు శ్రద్ధగా చూశారు. చూసి, “ఏమ్మా, ఈ డాక్టరుగారు ఎవరిని తిడుతున్నారు?” అని అడిగారు. అక్కయ్యగారు నవ్వి, సగంలో నవ్వు ఆపేశారు. చెవులు వినిపించనివారికి యంత్రాలు అమ్ముకుంటున్న మనం, వింటే తప్ప అర్థం కాని వీడియో తీసిపెట్టాం.

మర్నాడు వారు నేరుగా యజమానిగారి గదికి వెళ్లి ఉండవచ్చు. బల్ల నిలబెట్టుకోవడానికి అదే దగ్గరి దారి. వారు కెమెరా తమ్ముడి గదికి వెళ్లి తలుపు వేశారు. ఆ గదిలో జరిగినది తర్వాత ఆ తమ్ముడే అందరికీ చెప్పుకున్నాడు తప్ప, అక్కయ్యగారి నోట ఈనాటికీ రాలేదు.

“తమ్ముడూ, నీ వీడియో మా మామగారు మూడుసార్లు చూశారు.”

“అంత నచ్చిందా అక్కా?”

“డాక్టరుగారు ఎవరిని తిడుతున్నారని అడిగారు.”

తమ్ముడు నవ్వబోయి ఆగి, చేతిలోని టీ గ్లాసు కింద పెట్టి అన్నాడు: “పదిహేను మందిమి చూశాం కదక్కా. ఒక్కరికి తట్టలేదే.”

“అందరి చెవులూ బాగున్నాయి, ఎలా తడుతుంది? నేనూ చప్పట్లు కొట్టినదాన్నే. నా బల్ల గొడవలో పడి ఆ పూట దూది మరిచిపోయాను.”

“సార్‌కి ఎవరు చెబుతారు?”

“ఇద్దరం చెబుదాం. ముందు పని పూర్తిచేద్దాం. చేతిలో ఏదో ఒకటి పట్టుకుని వెళితే తిట్లు సగమవుతాయి.”

మూడు రోజులు ఆ గది తలుపు తెరుచుకోలేదు. డాక్టరుగారి స్థానంలోకి దర్జీ మామగారి చేతులు వచ్చాయి: గోరంత బ్యాటరీని అమర్చే చేతులు, యంత్రాన్ని చెవి వెనక సర్దుకునే చేతులు, వెనకనుంచి కోడలు పిలిస్తే ఆయన తల తిప్పడం, మాట వచ్చిన ప్రతిచోటా బొమ్మ అడుగున పెద్ద అక్షరాలు. అంతా రెండు నిమిషాలు. దాని కిందనే ఉత్తరం, నాలుగు పుటలనుంచి ఒకటిన్నరకు తగ్గి. వీడియో చూపించినదాన్ని ఉత్తరం మళ్లీ చెప్పదు. ఉత్తరం తీరికగా చెప్పవలసినదాన్ని వీడియో తొందరపడి చెప్పదు. వీడియో చివర మామగారు పళ్లెం ముందు కూర్చుని యంత్రం తీసి డబ్బాలో పెడతారు. ఎందుకు తీశారా అని చూసినవారు కిందికి దిగితే ఉత్తరం మొదటి వాక్యం ఎదురవుతుంది: “పళ్లేల చప్పుడునూ మీవాళ్ల మాటనూ ఈ యంత్రం పూర్తిగా విడదీయలేదు, అది చేయగలిగిన పనులు ఇవి.”

యజమానిగారు భృకుటి ముడిచారు. “మన సరుకు లోపం మనమే చెప్పుకోవడమేమిటమ్మా?”

“కొన్న మర్నాడు వాళ్లకే తెలుస్తుంది సార్. ముందుగా మనం చెబితే మిగతావి నమ్ముతారు” అని అక్కయ్యగారు రెండు దూది ఉండలు బల్లమీద పెట్టారు. “ఇవి పెట్టుకుని రెండు వీడియోలూ ఒకసారి చూడండి.”

యజమానిగారు చూశారు. దూది తీసి, అటెండరును పిలిచి, “అమ్మగారి బల్ల లోపలికి జరిపించు. గోడకు మేకు కూడా కొట్టించు” అన్నారు. ఈ సంగతి దాచకుండా రాయమన్నది కూడా వారే. అది వారి పెద్దమనసు.

పార్సెళ్లు నెల తిరక్కుండా పూర్వపు లెక్కను దాటాయి. నాటినుంచి నేటివరకు మన పేజీలో వీడియో, ఉత్తరం ఒకదాని చేయి ఒకటి పట్టుకునే నడుస్తున్నాయి; కొత్త వీడియో ఏది వచ్చినా ముందు దూదితో చూసి, తర్వాతే చెవులతో చూస్తున్నాం. ఆ దూది పొట్లం ఇప్పుడు కెమెరా తమ్ముడి సొరుగులో ఉంది. ఆ నెలలో అక్కయ్యగారు తన బల్లతోపాటు మన బల్లలను కూడా నిలబెట్టారని అందరికీ తెలుసు. కృతజ్ఞత చెప్పబోతే మాట మార్చేస్తారనీ తెలుసు.

మొన్న శుక్రవారం ప్యాకింగు బల్లమీద కాగితాలు పరిచి వీడ్కోలు విందు చేసుకున్నాం. కుటుంబమంతా వచ్చింది. వడ్డన పూర్తికాగానే యజమానిగారు ప్రసంగపాఠం తీసి లేచి నిలబడ్డారు. అదే క్షణాన బల్ల చివర మామగారు అలవాటుగా యంత్రం తీసి, గుండీల డబ్బాలో పెట్టి, మూత వేశారు. యజమానిగారు ఆ డబ్బాను చూసి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని కూర్చున్నారు.

చదవకుండా మిగిలిపోయిన ఆ కాగితంలోని చివరి మాటలను, మామగారు వేలు పెట్టి చదువుకునేందుకు వీలుగా, ఇక్కడ అచ్చువేస్తున్నాం: “అక్కయ్యగారు తమ కుటుంబంతో ఆరోగ్యంగా, నిశ్చింతగా, నిండుగా నూరేళ్లు వర్ధిల్లాలి. చెవులు వినబడనివారి గుమ్మం దాకా మాకు దారి చూపినందుకు, ఈ సంస్థ ఉన్నంతకాలం మేము వారికి రుణపడి ఉంటాము.”

ఆ పూట మాత్రం నలభై మందిమి, తలలు వంచుకుని, పళ్లెం పళ్లేనికి తగలకుండా చూసుకుంటూ, ఒక్క మాటైనా లేకుండా భోజనం చేశాం.