చెప్పుల డబ్బాలో ఆపరేషన్

నంద్యాలలో సర్జరీ చదివే కూతురు సెలవుకు దొర్నిపాడు వచ్చి, వసారాలో చెప్పుల డబ్బా ముందేసుకుని కూర్చుంది. డబ్బాకు రెండు బొక్కలు, వాటిలోంచి రెండు పొడవాటి కడ్డీలు, పైన సెల్‌ఫోన్. తండ్రి అప్పుడే ట్రాక్టరు దిగి వచ్చాడు.

“ఏందమ్మా, చెప్పులకు ఆపరేషన్ చేస్తాండావా?”

“కడుపు కోయకుండా, చిన్న బొక్కల్లోంచి చేసే ఆపరేషన్ నాయనా. నేర్చుకునే మిషన్ లక్షలుంటాది. అందుకే ఇది నేనే చేసుకున్నా. లోపలుండే శనక్కాయ గింజల్ని సెల్లులో చూస్తా పట్టుకొని గిన్నెలో ఎయ్యాల.”

“పొద్దున్నుంచి ఎన్ని ఏసినావ్?”

“మూడు.”

“ఇంగ నా కడుపులో రాళ్లు తీసినట్టే!”

“నీకు చేసేది నేను కాదు, మా సారు. ఆయన రమ్మని చెప్పి నెలాయె. నువ్వే భయపడి ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాండావ్.”

“అది సరేలే. గింజ ఎందుకు పడల్యా?”

“చెయ్యి ఎడమకు తిప్పితే లోపల కొన కుడికి పోతాది. తల తిరుగుతాండాది.”

“అంతేనా? జరుగు, ఆ కడ్డీలు నాకియ్యి.”

“చేతులన్నా కడుక్కో నాయనా!”

“ఏం, శనక్కాయకు చీము పడతాదా?”

“అరే, పడె! ఇంకోటి... అయిదు! నీకెట్ల వచ్చె?”

“ట్రాలీ రివర్స్ చేసేది ఇట్లనే కదమ్మా. స్టీరింగ్ ఎడమకు తిప్పితే ట్రాలీ కుడికి పోతాది. ముప్పై ఏండ్ల నుంచి అదే పని.”

“భయం పోయిందా? సోమవారం ఆపరేషన్‌కు వస్తావా?”

“వస్తా. ముందు మీ సారును అడిగిరా, ట్రాలీ రివర్స్ చేసేది వచ్చునా అని.”