ఉజ్జినక్క డిస్కులోంచి అడుగులు దింపిన కథ

ఉజ్జినక్క అని ఒకామె, వంకకు అవతల కొట్టాల్లో ఉండేది. ముప్పై మేకలు, నోరు పడిపోయిన నాయిన, అంతే ఆమె సంసారం. మొగుడు జబ్బుచేసి పోతే మళ్ళీ నాయిన దగ్గరికే వచ్చి ఉండిపోయింది అనుకో. ఆ నాయిన ఎవరనుకుంటాండారు? చెక్కభజన గురువు మద్దిలేటి. ఈ చుట్టుపక్కల చేత చెక్కలు పట్టి, కాలికి గజ్జె కట్టి ఎగిరిన మొగోళ్ళంతా ఆయప్ప దగ్గర అడుగు నేర్చుకున్నోళ్ళే. అట్లాంటి మనిషికి ఒకరోజు పొద్దున మొగం కడుక్కుంటాంటే కుడి చెయ్యి, కుడి కాలు పడిపాయ, మాటా పాయ. అన్నీ తెలుస్తాయంట, చెప్పలేడంట. దాంతో ఏమైందంటే, తిరనాళ్ళకు ఇంక రెండు నెలలే ఉండాది, భజన దళానికి గురువు లేడు. చిన్న చిన్న అడుగులు అందరికీ వచ్చు. పద్నాలుగు అడుగుల చుట్టు ఉంది చూడు, అది మాత్రం ఆయప్ప ముందు ఏస్తాంటే వీళ్ళు ఎనక చూసి ఏసేటోళ్ళు, సొంతంగా ఒక్కడికీ రాదు. దళంలో పెద్దాయన రంగప్ప అందరినీ కూర్చోబెట్టి, "ఈ ఏడు మన వల్ల కాదబ్బా, రథం ముందర ఎగిరే మర్యాద కిందూరోళ్ళకు ఇచ్చేద్దాం" అన్నాడంట. మేకలు తోలుకుని ఆ పక్కన పోతాండే ఉజ్జినక్క నిలబడి ఇని, "ఎందుకు మామా ఇచ్చేది? నేను ముందుండి అడుగేస్తా" అనింది. "నీకు వచ్చునా?" "రాదు. నేర్చుకుంటా." "ఎవరి దగ్గర?" "మా నాయిన దగ్గరే." ఇంగ చూడు, నవ్వినోడు నవ్వినాడు, తల దించుకున్నోడు తల దించుకున్నాడు.

ఆమె చెప్పింది ఉత్త మాట కాదు. ఎనిమిదేండ్ల కిందట ఎవరో తిరనాళ్ళ వీడియో తీసి మద్దిలేటికి ఒక డిస్కు ఇచ్చి పోయింటే, దాన్ని గుడ్డలో చుట్టి పెట్టెలో దాచిండ్రి. ఇంట్లో టీవీ ఉంది, డిస్కు తిరిగే మిషనూ ఉంది. కానీ కరెంటు ఉన్నప్పుడు ఆమె కొండలో ఉంటాది, ఆమె ఇంట్లో ఉన్నప్పుడు కరెంటు ఉండదు. రెండు నెలల్లో యాడ నేర్చేది? అందుకని సంతలో ఒక చిన్న పెట్టె కొనుక్కొచ్చింది. ఇంతే ఉంటాది, నా అరచెయ్యంత, దాంట్లో పాట ఇనపడతాది, బొమ్మ కనపడతాది, చార్జింగు పెడితే దినమంతా వస్తాది. ఇంటికొచ్చి డిస్కు పక్కన పెట్టి చూస్తే, డిస్కే పెట్టె కంటే పెద్దది! ఎట్ల తోసేది దాంట్లోకి? అట్ల ఇట్ల తిప్పి చూసి, మేకల్ని పక్కింటోళ్ళకు అప్పజెప్పి, రెండూ సంచిలో ఏసుకుని టౌనుకు పోయింది.

టౌనులో బస్టాండు పక్కన దస్తగిరి అని, కార్డుల్లోకి పాటలు ఎక్కించే అంగడాయన. నెమ్మదైన మనిషి. "మ్మా, ఇది ఊరికే ఎక్కదు, మార్చాల. మార్చేదానికి సాఫ్టువేరు కావాల" అన్నాడంట. "సాఫ్టువేరంటే ఏందన్నా?" "కంప్యూటర్లో ఉండే మరాడించే మిషను అనుకో. పెద్దది పోస్తే చిన్నగా చేసి ఇస్తాది." ఈయమ్మ ఊరుకుంటుందా? "చిన్నగా అయిందంటే ఏదో ఒకటి పారేసి ఉండాల కదన్నా. ఏం పారేస్తాది?" అని అడిగింది. దస్తగిరి చెయ్యి ఆగిపోయిందంట. పదేండ్లాయ అంగడి పెట్టి, అట్ల అడిగినోళ్ళు లేరు. "అది నాకూ తెల్దు మ్మా, చూద్దాం కూర్చో" అని ఇంకో స్టూలు లాగినాడు.

మొదట ఒక సాఫ్టువేరు పెట్టినాడు, పచ్చ కప్ప బొమ్మ ఉంటాదంట దానికి. దుడ్డు లేకుండా ఊరికే వస్తాది. మార్చి చూస్తే, బొమ్మ నడిమధ్యన అడ్డంగా లావుపాటి అక్షరాలు, దాని పేరు అది రాసుకునింది. మద్దిలేటి మొగం కనపడదు, ఛాతీ కనపడదు. "ఇదేందన్నా, మా నాయిన మీద ఎవరిదో బోర్డు కట్టినట్టుంది." తీసెయ్. రెండోది పెట్టినాడు. శుభ్రంగా వచ్చింది, ఈయమ్మకు ఆశ పుట్టింది. సరిగ్గా మూడు నిమిషాలు, ఆడికి ఆగిపాయ. మిగతాది కావాలంటే కొనాలంట. మూడు నిమిషాల్లో గజ్జె కట్టుకునేది కూడా అయిపోలేదు! తీసెయ్. మూడోది బలే జోరు. వీళ్ళు టీ తాగి వచ్చేలోపల మార్చేసింది. దస్తగిరి "చూడు మ్మా ఎంత బాగుందో" అన్నాడు. ఈయమ్మ చూస్తాంది, చూస్తాంది, నొసలు ముడిపడతాంది. "అన్నా, చెక్క తగిలినాక చప్పుడు వస్తాంది." "ఎంత మ్మా, అర సెకండు. ఎవరు చూస్తారు?" "కాలు చూస్తాది కదన్నా. ఆ అర సెకండులోనే ఉండాది మా నాయిన విద్దె అంతా." దస్తగిరి దాన్నీ తీసేసినాడు.

నాలుగోది పెట్టేటప్పటికి పొద్దు తిరిగింది. దాంట్లో పెట్టెల పేర్లు ఇంత పొడుగు వరస ఉంటాదంట, మన పెట్టె ఏదో చూసి నొక్కితే కొలతలు అదే ఏసుకుంటాది. సంతలో కొన్న పెట్టెకు పేరెక్కడిది? లేదు. "సరే, కొలతలు మనమే పెడదాం" అని ఆయప్ప అంకెలు కొట్టినాడు. మార్చి చూస్తే పెట్టె నిండా బొమ్మ వచ్చింది. కానీ కిందపక్క తెగిపోయింది. నడుం దాకా ఉండాడు గురువు, కాళ్ళు లేవు! చెక్కభజనలో కాళ్ళు లేకపోతే ఇంకేముందబ్బా? "అటూ ఇటూ నల్లపట్టీలు వస్తాయి మ్మా, బొమ్మ చిన్నదైతాది, పర్వాలేదా?" "బొమ్మ చీమంత అయినా సరే, కాళ్ళుండాల." మళ్ళీ మార్చినాడు. కాళ్ళు వచ్చినాయి. అప్పుడు ఈయమ్మ పెట్టెను కంటికాడ పెట్టుకుని, "నాయిన ఈడ మడమ తిప్పుతాడు. తిప్పేది కనపడలా. ఈడుండేది ఆడ పడింది, నడాన ఏమైంది?" అనింది. దస్తగిరి అంకెలు చూసుకుని నాలిక కరుచుకున్నాడంట. "డిస్కులో సెకండుకు ఇరవైఐదు బొమ్మలుండాయి మ్మా. నీ పెట్టెలో ఉండే కార్డులో పట్టాలని నేను పదిహేను పెట్టినా." "మిగతా పది?" "పారేసింది." "ఆ పదింట్లోనే ఉండాదన్నా మడమ."

ఆ మాటకు దస్తగిరికి రోషమొచ్చిందో సరదా పుట్టిందో, అంగడికొచ్చినోళ్ళను రేపు రమ్మని పంపించేసి కూర్చున్నాడు. "అన్ని బొమ్మలూ పెడితే మూడు గంటల డిస్కు ఈ కార్డులో పట్టదు. ఏదో ఒకటి పోవాల. ఏది పోవాలో నువ్వే చెప్పు." అప్పుడు ఇద్దరూ డిస్కంతా తిప్పి చూసినారు. పూలదండలు, శాలువాలు, మైకు పట్టుకుని ఒకాయన అరగంట మాటలు, బెండ్లు బత్తాసుల అంగళ్ళు, జనం. "ఇవన్నీ తీసెయ్యన్నా. భజన నలభై నిమిషాలు ఉండాది, దాంట్లో ఒక్క బొమ్మ పోగూడదు." నలభై నిమిషాలకు గంటన్నర పట్టిందంట మార్చేదానికి. అయితేనేం, నల్లపట్టీల మధ్య వేలంత గురువు, కాళ్ళతో, మడమతో, చెక్క తగిలినప్పుడే చప్పుడుతో వచ్చి నిలబడినాడు. ఈయమ్మ చీర కొంగుతో ఆ అద్దం తుడిచి తుడిచి చూసుకునింది.

ఇంగ మరుసటి రోజు నుంచి కొండలో చూడాల. మేకలు ఒకపక్క, ఈయమ్మ ఒకపక్క. పెట్టె ఒక రాయి మీద నిలబెట్టేది, చూసేది, అడుగేసేది. ఒకటో అడుగు వచ్చింది, ఐదో అడుగు వచ్చింది, ఎనిమిదీ వచ్చింది. తొమ్మిదో దానికాడ మాత్రం కాలు కుదరదు. ఎన్నిమార్లు ఏసినా ఈమె కాలు ముందు దిగుతాది, నాయిన కాలు తర్వాత దిగుతాది. పది దినాలు అట్లే ఐపాయ. "ఈ సాఫ్టువేరు మళ్ళీ ఏదో కలిపింది, లేకపోతే ఏదో మింగింది" అని కోపమొచ్చి టౌనుకు పోయి దస్తగిరిని పట్టుకునింది. ఆయప్ప ఏం చేసినాడంటే, అసలు డిస్కు కంప్యూటర్లో పెట్టి, పక్కన ఆమె పెట్టె పెట్టి, రెండూ ఒక్కసారే నడిపించినాడు. చూస్తే రెండూ ఒకటే! ఒక బొమ్మ ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. "నా తప్పు కాదు మ్మా, సాఫ్టువేరు తప్పూ కాదు. ఆ ఆలస్యం మీ నాయిందే" అన్నాడంట.

ఆమె ఇంటికొచ్చి నాయిన మంచం మీద కూర్చుని, పెట్టె చూపించింది. మద్దిలేటి తనను తాను చూసుకోవడం అదే మొదలు, జబ్బు చేసినాక. కన్ను ఆర్పలేదంట. తొమ్మిదో అడుగు రాంగనే ఆపి, "నాయినా, ఈడ ఏం చేస్తాండావు? నాకు అందల్యా" అనింది. ఆయప్పకు నోరు తిరగదు కదా. బాగుండే ఎడమ చేత్తో కూతురి చెయ్యి లాక్కుని, అరచేతిలో వేలితో కొట్టినాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు... ఎనిమిది. తొమ్మిదికి వేలు పైకెత్తి ఆపినాడు. కొట్టలేదు. కూతురి మొగం చూస్తా అట్లే ఎత్తిపట్టుకున్నాడు. ఆమె ఊపిరి బిగపట్టింది. అప్పుడు దించినాడు. అదబ్బా సంగతి! తొమ్మిదో అడుగు పడే అడుగు కాదు, ఆగే అడుగు. ఇన్నేండ్లు ఎనక ఎగిరినోళ్ళు ఆయప్ప ఆగితే ఆగినారు, ఎందుకు ఆగినారో వాళ్ళకే తెల్దు. ఈమె నవ్వుతానే ఏడ్చిందంట, ఆయప్పా అంతే.

మిగతా అడుగులూ పట్టుకుని పోయి రంగప్పోళ్ళ ముందర చుట్టంతా ఏసి చూపిస్తే, కాదనలేక ముందుండమన్నారు. తిరనాళ్ళనాడు, పొద్దు వాలే యాళకు, రథం ముందర దళం నిలబడింది. మొగోళ్ళు పన్నెండు మంది, ముందర ఉజ్జినక్క. జనంలో గుసగుసలు లేచినాయి, ఎందుకు లేవవు? మద్దిలేటిని కుర్చీలో తెచ్చి ముందర కూర్చోబెట్టిండ్రి. చుట్టు మొదలైంది. ఎనిమిది పడినాయి. తొమ్మిదికి ఆమె కాలెత్తి ఆగింది చూడూ, పన్నెండు మందీ ఆగినారు, గజ్జె ఆగింది, గుసగుస ఆగింది. నేను రథం తాడు పట్టుకుని ఉండా, నా చెయ్యి కూడా ఆగిపోయింది. తర్వాత దిగింది కాలు. ఆ దెబ్బకు లేచిన కేకలు కిందూరోళ్ళకు ఇనపడి ఉంటాయి. మద్దిలేటి మాత్రం కేకెయ్యలేదు, ఎడమచేత్తో తొడ మీద కొట్టుకుంటా, కూతురి మొగం కాదు, మడమ చూస్తాండాడు.

అంతా అయినాక రంగప్ప చెక్కలు కిందపెట్టి, తల గోక్కుంటా వచ్చి, "మా మనవరాలికి కూడా నేర్పిస్తావామ్మా?" అన్నాడంట. "పంపించు మామా, కొండకు రావాల మరి" అనింది. ఇప్పుడు కొండకు తొమ్మిది మంది ఆడపిల్లలు పోతాండారు. మా కోడలి కూతురూ పోతాంది. నేర్చుకోనీ, మంచిదే, నేను వద్దనలేదు. కాకపోతే చెక్కలు చాలక ఇంట్లో తట్టా తపేలా అన్నీ వాయించి సొట్టలు పెట్టింది. మొన్నటి నుంచి నేను విస్తరాకులో తింటాండా. ఇంగ లేస్తా, ఆకులు కుట్టుకోవాల.