లండన్‌లో మగ్గం

1961 ఎండాకాలం, సిరిసిల్ల. అంతయ్య గుంటమగ్గం మీద నేస్తున్నాడు. కరీంనగర్‌లో నర్సుగా చేసి లండన్‌కు చదువుకు పోయిన కూతురు అనసూర్య, చదువు సగంలో ఉండగానే నిన్న ఇంటికి వచ్చింది. ఇప్పుడు మగ్గం పక్కన నిలబడింది.

“సెలవులని మీ అవ్వ అంటుంది. గిప్పుడేం సెలవులు బిడ్డా?”

“ఇస్తరు బాపు.”

“చదువు సగంలనా?”

“సగంల గూడ ఇస్తరు. జర మగ్గం ఆపుతవా? మాట్లాడాలె.”

“ఆపితె పనెట్ల ఐతది? నువ్వు చెప్పు, ఇంటున్న. ఎన్నొద్దులు ఇచ్చిండ్రు?”

“సెప్టెంబరు దాకా.”

“గన్నొద్దులా? పానం బాగలేదా?”

“బాగనే ఉన్న.”

“మరి ఎవలన్న ఏమన్న అన్నరా? పరాయి దేశం, పరాయి మనుషులు...”

“అనేటోళ్లు అంటరు. నేనుండే ఇంటామె మొదట్ల నా గిన్నెలు పక్కకు పెట్టింది. చలికాలం రాంగనే తనే చాయ పోసి తెచ్చింది. గది కాదు బాపు.”

“మరేంది? పొద్దుగాలనే పక్కింటి లక్ష్మీరాజం వచ్చి పోయిండు. నీ బిడ్డ డాక్టరై వచ్చిందా అని అడిగిండు. ఏమని చెప్పాలె?”

“డాక్టర్ చదువు గాదని పోయేటప్పుడే చెప్పిన గద.”

“చెప్పినవ్. నాకే సమజ్ గాలె. గా పేరుకు నోరు గూడ తిరగది.”

“ఆక్యుపేషనల్ థెరపీ. చెయ్యి పడిపోయినోళ్లకు, మతి చెదిరి మంచం దిగనోళ్లకు ఏదో ఒక పని చేయించి, గా పనితోనే బాగు చేసుడు. ఒకాయన చెయ్యి మిషన్ల పడి నలిగింది. పిడికిలి పడది. మేము రోజు చెక్కపని చేయించినం. ఒకనాడు తన అంగీ గుండీలు తనే పెట్టుకొని వచ్చిండు. ఏం మాట్లాడలే. అంగీ చూపించి ఏడ్చిండు.”

“మంచి చదువే గద. మరి మొకం గట్లెందుకు పెట్టినవ్?”

“ఫెయిలైన బాపు.”

మగ్గం చప్పుడు ఆగింది.

“మగ్గం ఆపినవేంది?”

“దారం తెగింది.”

“బాపు...”

“తెగింది, అతుకుతున్న. నువ్వు ఫెయిలైనవా? ఎన్నడన్న ఫెయిలైనవా నువ్వు? ఇంగ్లీషు రాలేదా?”

“ఇంగ్లీషు వచ్చింది. ఎముకలు, నరాల పరీక్షల క్లాసుకే ఫస్టు వచ్చిన. ఒక్కదాంట్లనే పోయింది.”

“గా ఒక్కటి ఏంది?”

“చేతిపనులు. రోగులతోని చేయించాలంటే ముందుగాల మాకు రావాలె గద. బుట్టలల్లుడు, మట్టిపని, చెక్కపని...”

“గవి నీతోని కాలేదా?”

“గవన్ని అయినయ్.”

“మరేది కాలే?”

“నేత.”

“ఏంది?”

“నేత బాపు. మగ్గం.”

“లండన్‌ల మగ్గమా?”

“ఆ.”

“ఓడెక్కి సముద్రం దాటి పోతే మగ్గమా? నాతోని నవ్వులాటనా?”

“నిజంగనే. కాళ్లల్ల సత్తువ లేనోళ్లతోని తొక్కిస్తరు. భుజం లేవనోళ్లతోని పోగు అదిమే పలక గుంజిస్తరు. బల్ల మీద పెట్టుకునే చిన్న మగ్గాలు గూడ ఉంటయ్.”

“మెల్లగ మాట్లాడు. వాడకట్టు ఇంటది. ఈ గుంటలకెల్లి ఎల్లిపోవాలనే గద నిన్ను గంత దూరం పంపింది.”

“మాకు నేత నేర్పే మేడమ్‌కైతే మస్తు సంబురమైంది. నేను నేతోళ్ల బిడ్డనని అందరికి చెప్పింది. ఇగ అనసూర్యనే మనకు నేర్పుతదన్నది. పోరీలందరు నా చుట్టు చేరిండ్రు.”

“నువ్వేమన్నవ్?”

“నాకు రాదన్న.”

“నమ్మిందా?”

“నమ్మలే. సిగ్గుపడుతున్న అనుకున్నది.”

“రాకపోతే నేర్చుకోవద్దా? మన వాడల చిన్నచిన్న పోరగాండ్లు నేర్చుకుంటుండ్రు. గా తెల్ల పోరీలకు వచ్చింది, నా బిడ్డకు రాలేదా?”

“నేను కూసోలే.”

“కూసోలేదంటే?”

“మగ్గం ముందు కూసోలే బాపు. ఒకసారి కడుపునొప్పి అన్న. ఒకసారి చెయ్యి బెణికిందన్న. పరీక్షనాడు తప్పలే, కూసోబెట్టిండ్రు. చేతులు ఒళ్లె పెట్టుకొని కూసున్న. టైమైపోయినంక లేచి వచ్చిన.”

“ఎందుకట్ల చేసినవ్? పిచ్చి లేసిందా?”

“నీకు యాది లేదా?”

“ఏది?”

“హనుమండ్లన్న పోయిననాడు.”

“గా ముచ్చట ఇప్పుడెందుకు?”

“అడిగినవ్ గద.”

“వద్దు. ఊకో.”

“అన్నను కాటికి తీస్కపోకముందు నన్ను లోపలికి తీస్కపోయినవ్. దగ్గి దగ్గి సచ్చిండు, వాన్ని ఈ మగ్గమే తిన్నదన్నవ్. నా చెయ్యి వట్టి వాని నెత్తి మీద పెట్టినవ్. సచ్చినా మగ్గం ముట్టనని నాతోని అనిపించినవ్.”

“నువ్వు చిన్నపిల్లవప్పుడు.”

“చిన్నపిల్లనే. అన్న నెత్తి చల్లగుండె. గా చల్లదనం ఇంక నా చేతికి ఉన్నట్టే ఉంటది. మగ్గం కాడ కూసుంటే చెయ్యి లేవది బాపు.”

“గా ముచ్చట వాళ్లకు చెప్పలేకపోయినవా?”

“ఏమని చెప్త? ఇంగ్లీషుల గా మాటలే దొరకలే. సెప్టెంబర్ల మల్ల పరీక్ష పెడ్తమన్నరు. గదీ పోతే ఇంటికే పొమ్మన్నరు. నేను పనిచేసిన కరీంనగర్ దవాఖాన డాక్టరమ్మ సెలవుకు లండన్ వచ్చి మల్ల మన దిక్కు వస్తుంటే, ఆమెతోని ఓడెక్కిన.”

“ఇక్కడికొచ్చి ఏం చేస్తవ్?”

“ఒట్టు పెట్టిచ్చినోనివి నువ్వే. నువ్వే తియ్యాలె. తియ్యనంటే చెప్పు, మల్ల నర్సు పనికే పోత. ఫికర్ జెయ్య.”

“ఫికర్ జెయ్యవా?”

“జేస్త.”

“నాతోని కాదు బిడ్డా. పోయినోని మీద పెట్టిన ఒట్టు. వాడు గడప దాటే ముందు పెట్టిన. నేనెట్ల తీస్త?”

వాకిట్లో నూలు కండెలు చుడుతున్న అనసూర్య తల్లి కనకవ్వ లోపలికి వచ్చింది.

“నువ్వు తియ్యకు. నేను తీస్త.”

“అవ్వా, ఎప్పటిసంది ఇంటున్నవ్?”

“ఫెయిలైన అన్నప్పటిసంది. ఏమయ్యా, ఆ పోరన్ని మగ్గం తిన్నదని ఎవలన్నరు?”

“ఎవలనాలె కనకవ్వా? డాక్టరే అన్నడు. మగ్గం ఎక్కనీయొద్దన్నడు. మంచానపడ్డంక నేను ఎక్కనిచ్చిన్నా?”

“నువ్వు ఎక్కనీయలే. నేనెక్కిచ్చిన.”

“ఏమంటున్నవ్?”

“నువ్వు బట్ట అమ్మెతందుకు అంగడికి పోంగనే నా కాళ్లు మొక్కేటోడు. అవ్వా, జరసేపు కూసోబెట్టవే అనేటోడు. భుజం ఆసరా ఇచ్చి కూసోబెట్టేదాన్ని. నాలుగు పోగులు నేసి అలిసిపోయేటోడు. గా నాలుగు పోగులు నేసినంతసేపు దగ్గు మరిచేటోడు. నవ్వేటోడు. మంచంల ఉన్నన్నొద్దులు గోడ దిక్కు మొకం పెట్టుకొని పండిన పోరడు, గీ గుంటల కూసుంటేనే నవ్వేటోడు.”

“నాకెందుకు చెప్పలే?”

“చెప్తే మగ్గం ఇరగ్గొట్టకపోదువా? నువ్వు ఒట్లు పెట్టిచ్చేటోనివి. వానికి ఏం గావాల్నో ఒక్కనాడన్న అడిగినవా?”

అంతయ్య గుంటలోంచి లేవబోయాడు.

“బాపు, ఎటు లేస్తున్నవ్?”

“జరుగు. నన్ను పైకి రానియ్యి. చెప్పులిడిచి నువ్వు గుంటలకు దిగు బిడ్డా. ముందుగాల కాళ్లకు రావాలె, చేతులు ఎనకవడి వస్తయ్.”