అడుగు పాలు

“తోక ఒక్కటే ఉన్నది. బల్లి లేదు.”

“సక్కగ చూసినవా?”

“చెయ్యి పెట్టి చూసిన. నీళ్లు పోసి కడిగి చూసిన. తోక ఒక్కటే ఉన్నది.”

“గడ్డిపోస గావొచ్చు.”

“గడ్డిపోస గిట్ల ఉంటదా? ఇగో, నువ్వే చూడు.”

లలితమ్మ అరచెయ్యి చాపింది. కృష్ణయ్య వంగి చూశాడు. చిటికెన వేలంత ఉంది, తెల్లగా నాని, కొస దగ్గర సన్నబడి. మళ్లీ చూడాల్సిన పని లేకపోయింది. కార్వాన్‌లో బర్రెల కొట్టం ఉన్నవాడికి బల్లి తోక తెలియకుండా ఎట్లా ఉంటుంది? పొద్దుటి నుంచీ కాస్తున్న ఎండ కొట్టం రేకుల మీద ఇంకా తగ్గలేదు. అయినా అతనికి వీపు చల్లబడింది.

“మిగతాది ఏడ పోయింది?” అన్నాడు.

“నన్నడిగితె? పాలు పోసొచ్చింది నువ్వు.”

“ఏ క్యాను ఇది?”

“పెద్దది. పాతబస్తీకి కొంచవోయేది.”

కృష్ణయ్య తొట్టి గట్టు మీద కూలబడ్డాడు. మధ్యాహ్నం పిండిన పాలన్నీ ఆ క్యానులోనే పోసి, సైకిల్‌కు కట్టుకుని పురానాపూల్ దాటి వెళ్లాడు. మూడు చోట్ల పోశాడు. హుస్సేనీ ఆలం మలుపులో ఇరానీ హోటల్, షాలిబండ ఎత్తు మీద రాజమణి పాయసం బండి, చివరికి యాకుత్‌పురాలో యూసుఫ్ భాయ్ ఫిర్నీ దుకాణం. ఆ మూడూ అతనికి ఇష్టమైన చోట్లు. హోటల్లో పాలు పోసి చాయ్‌లో బిస్కెట్ ముంచుకు తినేవాడు. రాజమణి బండి దగ్గర నిలబడి రెండు మాటలు మాట్లాడేవాడు. యూసుఫ్ దగ్గర మట్టి గిన్నెలో గడ్డకట్టిన బియ్యపు పాయసం, ఆ ఫిర్నీ, ఒకటి ఆకు కప్పించుకుని లలితమ్మ కోసం తెచ్చేవాడు. ఆ రుచి అంతా మన పాలదే అని ఆమెతో గొప్పగా చెప్పుకునేవాడు కూడా.

“ఎవలన్న తాగిన్రేమో,” అన్నది లలితమ్మ.

“రంజాన్ రోజాల దినాలు. పొద్దుగూకి సైరన్ అయ్యేదాంక ఎవలూ నోట్ల నీళ్లు గూడ పొయ్యరు.”

“హోటల్ల పరదా కట్టి అమ్ముతరు గద. రోజా ఉండనోళ్లు తాగుతరు గద.”

కృష్ణయ్య లేచి చెప్పులు వెతుక్కున్నాడు.

“ఏడికి?”

“పోయి చెప్తా.”

“ఏమని చెప్తవ్? బల్లి పడ్డ పాలు పోసిన అని చెప్తవా?”

“మరేం జెయ్యాలె?”

“పోకు.” ఆమె సైకిల్ హ్యాండిల్ పట్టుకుంది. “నా మాటిను. పోకు. పోయినేడు ఏమైందో మర్శిపోయినవా? నల్లా నీళ్లల్ల ఎవలో ఏమో కలిపిన్రని ఒక్కడంటె ఒక్కడు అన్నడు. నిజమో అబద్ధమో ఎవలన్న అడిగిన్రా? పొద్దుగూకేటాల్లకు షట్టర్లన్నీ వడ్డయి. కర్ఫ్యూల పదిదినాలు బర్రెల పాలు మోరీల పోసినం.”

“గది నీళ్ల సంగతి.”

“ఇది పాల సంగతి. ఇంకా అధ్వానం. కార్వాన్ల కృష్ణయ్య రంజాన్ల పాలల్ల విషం కలిపిండంటరు. బల్లి పడ్డదని ఎవలూ అనరు.”

“యూసుఫ్ భాయ్ గట్ల అనడు.”

“యూసుఫ్ అనడు. ఆయన ఎనక నిలబడ్డోళ్లు?”

 ఆమె చెప్పిన ప్రతి మాటా కృష్ణయ్య అప్పటికే అనుకున్నదే. కొట్టం, బర్రెలు, గోడ మీద చిమ్నీ మసి, అన్నీ ఒకసారి చూశాడు. ఎవడో ఒకడు అగ్గిపుల్ల గీస్తే చాలు.

“సైరన్ అయినంక అందరూ ఒక్కసారే తింటరే, లలితా,” అన్నాడు చివరికి. “పొద్దంత ఉపాసమున్న కడుపులల్లకు మొదలు పొయ్యేది గదే.”

ఆమె హ్యాండిల్ వదిలేసింది. పురానాపూల్ దాకా తానూ వస్తానంది. వద్దన్నాడు. మసకపడేసరికి తాను రాకపోతే పిల్లల్ని తీసుకుని పక్కింటి చంద్రమ్మ దగ్గరికి పొమ్మని చెప్పి, క్యాను లేని సైకిలెక్కాడు.

ఎన్నడూ లేనంత తేలికగా ఉన్న సైకిల్ ఆ రోజు కదలనట్టే అనిపించింది. వంతెన మీద ఎవరు తన వైపు చూసినా తెలిసిపోయిందేమో అనుకున్నాడు. హుస్సేనీ ఆలం చేరేసరికి హోటల్ ముందు జనం గుమిగూడి ఉన్నారు.  దిగి దగ్గరికి పోయి చూస్తే ఇద్దరు ఆటోవాళ్లు ఒకరి బండి ఒకరికి తగిలిందని వాదించుకుంటున్నారు, మిగిలినవాళ్లు వింటున్నారు.

పరదా తోసుకుని లోపలికి వెళ్లాడు. గల్లా మీది ముసలాయన ఇప్పుడెందుకొచ్చావని అడిగితే, పాలు విరిగినట్టు అనుమానమొచ్చి చూసిపోదామని వచ్చానని అబద్ధం చెప్పాడు. ముసలాయన నవ్వాడు. ఆ పాలు వడగట్టి కాచి చాయ్‌లో పోసి చాలాసేపయిందనీ, సగం అమ్ముడుపోయాయనీ, ఎవరూ ఏమీ అనలేదనీ చెప్పి, నమ్మకం లేకపోతే తాగి చూడమని ఒక కప్పు ముందు పెట్టించాడు. కృష్ణయ్య కప్పు వైపు చూశాడు. పక్క బల్ల మీద ఒక మేస్త్రీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగుతున్నాడు. ఇంతమంది తాగింది తాను తాగకుండా ఎట్లా లేవాలి? కళ్లు మూసుకుని తాగేశాడు. ఆ చాయ్ రుచి అతనికి తెలియలేదు. వడగట్టిన గుడ్డ చూపించమని వంటవాణ్ణి అడిగాడు. గుడ్డలో మీగడ తరకలు తప్ప ఏమీ లేవు.

షాలిబండ ఎత్తు సైకిల్ తోసుకుంటూ ఎక్కాడు. రాజమణి దగ్గర అబద్ధం చెప్పలేకపోయాడు. ఆమె అతని మొహం చూసే ఏమైందని అడిగింది. చెప్పాడు. ఆమె మారు మాట్లాడకుండా సేమ్యా పాయసం గిన్నె దించి, గంటెతో అడుగు దాకా దేవింది. ఇద్దరూ కలిసి చూశారు. ఏమీ లేదు. లేకపోయినా పాయసమంతా మోరీలో వంపేసింది, రేపు మంచి పాలు పోస్తే చాలన్నది. కృష్ణయ్య చేతులు జోడించాడు. సైకిలెక్కుతుంటే ఆపి, తనకు చెప్పింది సరే గానీ యూసుఫ్ దగ్గర నోరు విప్పొద్దని మెల్లగా హెచ్చరించింది. పాలు విరిగాయని చెప్పి ఎట్లాగైనా పారబోయించమన్నది. ఆమె భర్త పోయినేడు గొడవల్లో ఇదే ఎత్తు మీద పరుగెత్తి ప్రాణాలతో బయటపడ్డాడు. ఆమె ఊరికే చెప్పే మనిషి కాదు.

ఇక మిగిలింది ఒక్క చోటు. క్యాను వంచి అడుగు పాలు పోసింది అక్కడే.

యాకుత్‌పురా గల్లీల్లో ఆ వేళకు ఎప్పుడూ ఉండే సందడే ఉంది. ఖర్జూరాల బండ్లు, హలీం బట్టీల పొగ, నూనెలో పొంగుతున్న సమోసాలు. రోజూ ఆ వాసనకు నోరూరేది. ఈ రోజు ఆగకుండా తొక్కాడు. యూసుఫ్ దుకాణం ముందు ఈ పాటికి బల్ల వేసి, మట్టి గిన్నెలు వరసగా పేర్చి, మీద వెండి రేకు అంటిస్తుండాలి. కృష్ణయ్య మలుపు తిరిగి చూసి బ్రేకు నొక్కాడు.

షట్టరు దించి ఉంది.

రంజాన్ నెలలో, సైరన్‌కు ముందు, ఫిర్నీ దుకాణం షట్టరు దించి ఉండడం అతను ఎన్నడూ చూడలేదు. ఎవరికైనా ఏదైనా అయిందా? ఇంట్లో రోజా ఉండని చిన్నపిల్లలు ముందే తిన్నారా? దుకాణం వాళ్లంతా కార్వాన్ వైపు బయల్దేరారా? వెనక్కి తిరిగి పోదామా అనుకున్నాడు. ఎవరూ తనని చూడలేదు. సైకిల్ తిప్పాడు కూడా. కానీ లోపల ఏమైందో తెలియకుండా ఆ రాత్రి పడుకునేదెట్లా? సైకిల్ గోడకు ఆనించి, సందులోకి పోయి వెనక తలుపు తట్టాడు.

చాలాసేపటికి తలుపు ఓరగా తెరుచుకుంది. యూసుఫ్ భాయ్ ఒక్కడే ఉన్నాడు. కృష్ణయ్యను లోపలికి రమ్మని, అతను రాగానే తలుపుకు గడియ పెట్టాడు. 

“ఎందుకొచ్చినవ్?” అన్నాడు యూసుఫ్.

“ఊకెనే, భాయ్.”

“ఊకెనే? ఒక్క దినంల రెండుసార్లు కార్వాన్ నుంచి ఊకెనే వస్తవా?”

“క్యాను మూత మర్శిపోయిన. ఈడ పెట్టిన్నేమో అని.”

“లేదు.”

“సరే అయితె.”

కృష్ణయ్య కదల్లేదు. యూసుఫ్ తలుపు ముందు నుంచి తప్పుకోలేదు. పొయ్యి చల్లారి ఉంది. పెద్ద దేగ్చా కడిగి బోర్లించి ఉంది. మట్టి గిన్నెలన్నీ గోడ పక్కన పొడిగా, ఖాళీగా ఉన్నాయి.

“ఫిర్నీ చెయ్యలేదా, భాయ్?”

“లేదు.”

“దుకాణమెందుకు బంద్ జేసినవ్?”

“తబియత్ బాలేదు.”

“ఎవలికి?” కృష్ణయ్య ముందుకొచ్చాడు. “ఎవలికి బాలేదు, భాయ్? పిల్లలకా?”

“నాకే. నువ్వెందుకు గంత ఫికర్ చేస్తున్నవ్?”

“పాలు ఏడున్నయ్?”

“నువ్వు ముందు చెప్పు. పాల గురించి ఎందుకు అడుగుతున్నవ్?”

రాజమణి చెప్పిన మాట నాలుక చివర దాకా వచ్చింది. విరిగినయ్ అంటే చాలు. దేగ్చా బోర్లించే ఉంది, పాలు ఎట్లాగూ లేవు. కానీ యూసుఫ్ చూపు తన మొహం మీంచి కదలడం లేదు. ఉపవాసంతో ఎండిన పెదాలు, ఎర్రబడ్డ కళ్లు. ఆ కళ్లలో కోపం ఉందో ఇంకేముందో కృష్ణయ్యకు అర్థం కాలేదు.

“బల్లి పడ్డది, భాయ్,” అన్నాడు. “క్యానుల బల్లి పడ్డది. నాకెర్క లేదు. నా పిల్లల మీద ఒట్టు, పోసేటప్పుడు నాకెర్క లేదు. ఇంటికి పోయినంక నా పెండ్లం కడుగుతుంటె తోక దొర్కింది. హోటల్ల చూసిన, రాజమణి దగ్గర చూసిన, యాడ లేదు. నీ దగ్గర్నే ఉండాలె. ఎవలికీ పెట్టకు. నన్నేమన్న జెయ్యి, ఎవలికీ పెట్టకు.”

యూసుఫ్ గోడకు వీపు ఆనించి, మెల్లగా జారి నేల మీద కూర్చున్నాడు.

“గుడ్డల వచ్చింది,” అన్నాడు. “వడగడుతుంటె. పొయ్యి మీద పెట్టకముందే.”

“ఎప్పుడు?”

“నువ్వు గల్లీ దాటినవో లేదో.”

“మరి నన్ను పిల్వకపోతివి?”

“పిలుద్దామని బైటికి ఉరికొచ్చిన. నువ్వు సైకిల్ మీద పోతున్నవ్, కనవడుతున్నవ్. నోరు తెరిచిన. పిల్వలేకపోయిన. లోపలికొచ్చి పాలన్నీ పారబోసి షట్టర్ గుంజిన.”

“ఎందుకు, భాయ్?”

“డర్ లగా. నాకు గూడ భయమైంది.” అతను రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. “మా అబ్బాజాన్ ఉన్నప్పటి సంది నీ పాలే. ఎన్నడూ ఒక గడ్డిపోస రాలే. ఇయ్యాల వచ్చింది. రంజాన్ల వచ్చింది. నా తమ్ముళ్లకు చెప్తె వాళ్లేం జేస్తరో నాకు తెల్వదు. చెప్పకపోతె నేనేం జెయ్యాలో తెల్వదు. ఎవలికీ చెప్పలే. సైరన్ దాంక ఈడనే కూసుందామనుకున్న. నువ్వొస్తవా, రావా అని.”

“వస్తె?”

“వస్తె బల్లి దానంతట అదే పడ్డట్టు.”

“రాకపోతె?”

దూరంగా సైరన్ మొదలైంది. రోజా విప్పడానికి పక్కన పెట్టుకున్న ఖర్జూరం యూసుఫ్ తీసుకోలేదు.

“రాకపోతె నువ్వే ఏసినవని తమ్ముళ్లకు చెప్పేటోణ్ణి, కృష్ణయ్యా. నువ్వు తలుపు తట్టినప్పుడు, సైరన్ దాంక ఆగకుండ చెప్దామనే లేచిన.”