కమిటీ గ్రూపులో కిమోనో

అమెరికాలోని మోరిస్‌విల్‌లో శుక్రవారం సాయంత్రం. గుడి కమిటీ సెక్రటరీ గౌరీశంకర్ వంటింట్లో నిలబడి భార్యకు ఫోన్ చూపిస్తున్నాడు. ఆ ఫొటో ఎక్కడ తీశారో ఉమకు తెలుసు. అందుకే పులిహోర పులుసులో గరిటె తిప్పడం ఆపలేదు.

“అది కాదే, ముందు ఆ మెడ చూడు. వెనకనుంచి తీసినా ఎంత హుందాగా ఉందో!”

“చూశానండీ.”

“పులుసులోకి చూస్తూ చూశానంటావేంటి? ఇటు చూడు. ఆ చీర... దాన్నేమంటారు?”

“కిమోనో.”

“అదే. ఒక్క మడత చెదరలేదు. తల ఎంత వంచాలో అంతే వంచింది. అదీ సంప్రదాయమంటే! టెక్నాలజీలో అంత ముందున్నా, వాళ్ళ ఆడవాళ్ళు చూడు, తలెత్తరు.”

“తలెత్తితే కొప్పులో పువ్వు జారుతుందండీ.”

“నీకెలా తెలుసు?”

“అంటే... జారుతుందేమోనని.”

“మంగళవారమే మన గ్రూప్‌లో పెట్టాను. ‘మన ఆడపడుచులు నేర్చుకోదగినది’ అని పైన రాశాను కూడా.”

“ఏ గ్రూప్? నాకు రాలేదే.”

“కమిటీ గ్రూపే. మీ ప్రసాదాల గ్రూప్ కాదులే.”

“మేం నేర్చుకోవలసింది మగవాళ్ళ గ్రూపులో పెట్టారా?”

“ప్రతిదానికీ వంకలు. మూర్తిగారు ఏం రాశారో తెలుసా? ‘సాక్షాత్తూ మహాలక్ష్మి’ అని. పక్కన ఆరు దండాలు. ప్రెసిడెంట్‌గారు అంత తేలిగ్గా ఎవర్నీ మెచ్చుకోరు.”

“మూర్తి అన్నయ్యగారా? మహాలక్ష్మి అనా?”

“నవ్వుతావేంటి?”

“నవ్వలేదండీ. మిరపకాయల ఘాటు. ఇంతకీ ఎక్కడ దొరికింది మీకిది?”

“మన టౌన్ ఫేస్‌బుక్ పేజీలో. ఎల్లుండి కమ్యూనిటీ హాల్లో జపాన్‌వాళ్ళ పండగట. రకరకాల దేశాలవాళ్ళు ఈ కిమోనోలు కట్టుకుని స్టేజీ మీద నడుస్తారట. ఈవిడ మాత్రం అసలు సిసలు జపనీస్. చూడగానే తెలుస్తోంది.”

“ఎలా తెలుస్తోంది?”

“ఆ మెడ, ఆ నడుము, ఆ నిలబడటం... పుట్టుకతో రావాలే అవన్నీ. మనవాళ్ళు కట్టుకుంటే దిండుకి గలీబు తొడిగినట్టుంటుంది.”

“అందులో మీకు నడుమెక్కడ కనపడిందండీ?”

“నాజూగ్గా లేదూ?”

“నాజూగ్గా ఉంటే పనికిరాదు. కిమోనోకి నడుమే ఉండకూడదు. పైనుంచి కిందదాకా ఒకే వాటంగా, కొయ్యబొమ్మలా ఉండాలి. నడుము సన్నంగా ఉంటే టవల్స్ చుట్టి లావు చేసి, అప్పుడు కడతారు. జిమ్‌లో కష్టపడి తగ్గించుకున్న ఒక అమెరికన్ పిల్లకి నాలుగు టవల్స్ చుట్టారు. ఏడుపొక్కటే తక్కువ పాపం.”

“ఎవరు చెప్పారు నీకు?”

“ఒక కొస నేనే పట్టుకున్నాను. రెండో కొస కెయికోగారు లాగారు.”

“కెయికో ఎవరు?”

“కిమోనో కట్టడం నేర్పే టీచర్. లైబ్రరీలో పరిచయమయ్యారు. ఏమండీ... ఆదివారం ఆ షోలో నేను కూడా నడుస్తున్నాను.”

“ఎక్కడ నడుస్తున్నావ్?”

“స్టేజీ మీద.”

“ఎవరు?”

“నేను.”

“ఉమా, తమాషా చేయకు. శనివారాలు నువ్వు మూర్తిగారి భార్య ప్రమోదగారి దగ్గరికి పారాయణానికి కదా వెళ్తున్నావ్? ఆవిడనే అడగమంటావా?”

“పారాయణం అయ్యాకే వెళ్ళేవాళ్ళం... వెళ్ళేదాన్ని. సహస్రనామం ఎంతసేపండీ, మధ్యాహ్నమంతా ఖాళీయే కదా.”

“అయితే ఇది... ఈ ఫొటో... ఈ మెడ... నువ్వా?”

“మీకెవరిలా కనిపిస్తోంది?”

“నన్నడుగుతావేంటి!”

“ఇరవై మూడేళ్ళు కాపురం చేసిన మిమ్మల్ని కాక ఎవర్నడగను?”

“వెనకనుంచి చూస్తే ఎలా తెలుస్తుందే?”

“పుట్టుకతో వచ్చిందని వెనకనుంచి చూసేగా చెప్పారు.”

“రామ రామ! ఆగు. ఆగాగు. పెద్దది చేసి చూడనీ. ఇదేంటి, వీపు కనపడుతోంది!”

“ఇందాక మెడ అన్నారు.”

“ఇందాక ఎవరో అనుకున్నాను! కాలర్ అంత వెనక్కి లాగేసి... సిగ్గుండక్కర్లా?”

“వాళ్ళ అందం అక్కడుందటండీ. ఒళ్ళంతా కప్పేసి, వెనక పిడికెడు మెడ వదులుతారు. మనం వీపంతా కోసేసి జాకెట్టు కుట్టించుకుని, పెద్దవాళ్ళు రాగానే కొంగు కప్పుకుంటాం. ఎవరి సిగ్గు వాళ్ళది.”

“లెక్చర్లొద్దు. తాళి ఏది? మెడలో తాళి కనపడదేం?”

“కిమోనో మీద గొలుసులు, నగలు కూడదటండీ.”

“తాళి నగా?”

“నేనూ అదే అన్నాను కెయికోగారితో. తీసే వస్తువు కాదన్నాను. ఆవిడ ‘లోపలికి దోపుకో, జనానికి కనపడకపోయినా మీ దేవుడికి కనపడుతుందిగా’ అంది. ఎంత మంచి మాట చెప్పిందో!”

“నాకేం మంచిగా లేదు. ఇంకేం ఘనకార్యాలు చేశావక్కడ?”

“మొదటిరోజు పెద్ద తప్పే చేశాను. చీర కట్టే అలవాటు కదా, కుడిపక్క అంచు తెచ్చి ఎడమ మీద వేసుకున్నాను. ఆవిడ కెవ్వుమని అరిచి పరిగెత్తుకొచ్చింది. అలా శవాలకే కడతారట.”

“శివ శివా! అపశకునం!”

“ఇంటికొచ్చి తలస్నానం చేసి దీపం పెట్టాన్లెండి. మీరు అడిగారు కూడా, ఈ వేళప్పుడు స్నానమేంటి అని. మీకు టిఫిన్ లేటయిందని.”

“ఇదంతా కాదు. ముందు ఫొటో డిలీట్ చేసేస్తా.”

“చేసేయండి.”

“అవడం లేదే! నాకొక్కడికే పోతుందట. మిగతా అందరికీ అలాగే ఉంటుందట!”

“మూడు రోజులైంది కదండీ. టైమ్ దాటిపోయుంటుంది.”

“ఇప్పుడు మూర్తిగారికి నా మొహం ఎలా చూపించను?”

“ఆయన మహాలక్ష్మి అన్నారుగా.”

“ఎవరో జపనీసావిడ అనుకుని అన్నారు!”

“జపనీసావిడ మెడయితే సంప్రదాయం, మన గుడికొచ్చే ఆవిడ మెడయితే సిగ్గులేనితనమా?”

“మాటకు మాట! ఆదివారం నువ్వు వెళ్ళడంలేదు. అంతే.”

“వెళ్తానండీ.”

“గుడిలో పులిహోర ఎవరు చేస్తారు?”

“పొద్దున్నే చేసి నేనే దింపేస్తాను. షో మూడింటికి.”

“జనం నవ్వుతారే!”

“నవ్వనివ్వండి. ఇన్నాళ్ళూ నవ్వలేదా? ఎవరింటికి పేరంటానికి వెళ్ళినా, ‘ఉమగారూ, కాస్త వాకింగ్ చేయండి’ అంటూనే తాంబూలమిస్తారు. ఫొటో అంటే మీరే నన్ను పక్కకి తిరిగి నిలబడమంటారు, లావు తెలీదని. కెయికోగారు నా చుట్టూ తిరిగి చూసి, నీకు ఒక్క టవల్ కూడా అక్కర్లేదు అంది. పొట్టి, నడుము లేదు, పిట్ట అడుగులు... ఇన్నేళ్ళూ నాలో తప్పులన్నవే అక్కడ మార్కులయ్యాయి. ఒక్కసారి నడిచొస్తానండీ. అడ్డుపడకండి.”

“అదేం అందమే, టవల్స్ చుట్టుకుని!”

“నాకూ అర్థం కాలేదు. మన దగ్గర ఆ జిమ్ పిల్ల ఫస్టు, నేను లాస్టు. అక్కడ నేను ఫస్టు, ఆ పిల్ల లాస్టు. ఇద్దర్నీ చేసింది ఒక్క దేవుడే కదా, మరి ఆయన ఏ టేపుతో కొలిచాడో! మొన్న హారతప్పుడు అడిగాను కూడా. గంట మోతలో వినపడలేదేమో.”

“తల వంచుకుని నడవడం కూడా ఆవిడే నేర్పిందా?”

“అదొక్కటీ నేర్పక్కర్లేదంది. ఎక్కడ ప్రాక్టీస్ చేశావని అడిగింది.”

“ఏం చెప్పావ్?”

“మా అత్తగారింట్లో అన్నాను.”

“మా అమ్మనెందుకు లాగుతావిందులోకి? ఉండు, ఏదో మెసేజ్... మూర్తిగారే. అయిపోయింది, తెలిసిపోయుంటుంది.”

“ఏమన్నారు? పైకి చదవండి.”

“‘గౌరీశంకర్‌గారూ, ఆ సోదరి ఈ ప్రాంతంలోనే ఉంటే ఆదివారం కమిటీ అంతా వెళ్ళి చూద్దాం. ఇలాంటి గృహలక్ష్మిని ఉగాది సభకు పిలిచి శాలువా కప్పాలి. ఆవిడెవరో కనుక్కోండి.’ ...శాలువా!”

“గృహలక్ష్మి అన్నారా? ఆయనే?”

“కమిటీలో పరంధామయ్యగారు కూడా ‘తప్పక చేయాలి’ అన్నారు. ఇంకో నలుగురు బొటనవేళ్ళు చూపించారు. ఉమా... ఎన్నింటికన్నావ్ షో?”

“మూడింటికి. ఏం?”

“పార్కింగ్ కష్టమవుతుంది. నేను డ్రైవ్ చేస్తాలే.”

“ఇందాక వెళ్ళొద్దన్నారు.”

“వద్దని ఎక్కడన్నాను? ఆలోచించమన్నాను. కమిటీ అంతా వస్తోందంటే మనం ముందుండాలి కదా. నడువు. దర్జాగా నడువు.”

“మరి మెడో?”

“మెడకేమైందే? బ్రహ్మాండంగా ఉంది.”

“శాలువా కప్పితే కనపడదనా?”

“నీ వేళాకోళం నీదే. నిజం చెప్పనా? చూడగానే గుర్తుపట్టాను. ఇరవై మూడేళ్ళుగా చూస్తున్న మెడ, నాకు తెలీదూ? నిన్ను ఆటపట్టిద్దామని జపనీస్ అన్నాను.”

“అలాగా! గుర్తుపట్టారా?”

“కళ్ళు మూసుకుని గుర్తుపడతాను.”

“అంత నమ్మకమా? అయితే ఒక్క మాటండీ...”

“ఆగు, టైప్ చేస్తున్నాను.”

“ఏం టైప్ చేస్తున్నారు? ముందు నేను చెప్పేది వినండి.”

“‘పెద్దలకు నమస్కారం. ఈ ఫొటోలో ఉన్న గృహలక్ష్మి నా ధర్మపత్నే. ఈ వినయం మా అమ్మగారి పెంపకం. ఇన్నాళ్ళూ ప్రచారం ఇష్టంలేక చెప్పలేదు.’ ఎలా ఉంది?”

“వద్దండీ, వద్దు! పంపకండి. చెప్పనని ఒట్టేశాను గానీ ఇప్పుడు చెప్పక తప్పేట్టు లేదు...”

“సిగ్గుపడతావేంటే ఇప్పుడు! ఇదిగో... వెళ్ళిపోయింది. ఇప్పుడు చెప్పు, ఏంటి నీ గొడవ?”

“మూర్తి అన్నయ్యగారు చూశారా?”

“చూశారు. టైప్ చేస్తున్నారు. ఏం?”

“నా ఫొటో ఆ పేజీలో ఇంకా కిందుంది. మీరు అంతదాకా వెళ్ళలేదు. మీరు కళ్ళు మూసుకుని గుర్తుపట్టింది ప్రమోద వదిన మెడండీ.”