పెద్దదే బిగించు పాపా

మైదుకూరు రోడ్డు పక్కన కార్లు బాగుచేసే షెడ్డు. తండ్రి ఏసేపు పెట్టిన ఆ షెడ్డును ఇప్పుడు కూతురు నిస్సీ నడుపుతోంది. పక్క పల్లె పెద్ద రైతు కొడుకు భూపేష్ తన పాత జపాన్ కారు బానెట్ ఎత్తిపెట్టి, ఇంజనుకు గాలి ఎక్కించే టర్బోలు రెంటిని మామిడిపండ్ల మాదిరి చేత్తో తూచి చూస్తున్నాడు.

"ఇది కాదు పాపా, పెద్దదే బిగించు."

"అది నీకొద్దన్నా. చిన్నదే సరిపోతాది."

"చిన్నదా? ఊర్లో తలెత్తుకోని తిరగొద్దా నేను?"

"టర్బో బానెట్ కింద ఉంటాదన్నా. ఎవురికి కనపడతాది?"

"అడుగుతారు. ఏం టర్బో భూపేషూ అంటారు. చిన్నది అని చెప్పాల్నా? మీ నాయన్ని పిలువు, మగోళ్ళం మాట్లాడుకుంటాం."

"మా నాయన ఈడ ల్యాడు. పని మింద పోయినాడు."

"ఏం పని?"

"సేద్యం పనిలే. ముందు బండితో ఏం జేస్తావో చెప్పు."

"రేసు."

"యాడ? ట్రాకు మిందనా?"

"మా ఊర్లోనే."

"మీ ఊరి రోడ్డులో రేసా? మొన్న ఆ గుంతల్లోనే నా స్కూటీ టైరు పగిలింది."

"రోడ్డు మింద కాదు. తిరునాళ మైదానంలో."

"ఎంత దూరం?"

"దూరం... అంత దూరమేం ఉండదు."

"ఎన్ని కార్లొస్తాండాయి?"

"కార్లా? నాదొకటే."

"ఒక్క కారుతో రేసేందన్నా?"

"అన్నీ అడ్డప్రశ్నలే నీవి. ఎద్దులుంటాయిలే."

"ఏముంటాయి?"

"ఎద్దులు. మా నాయనవి. బండలాగుడు పోటీ. ఒక పక్క ఆయన ఎద్దులు, ఒక పక్క నా కారు. రెండిటికీ ఒకే బరువు బండ. ఎవురు ఎక్కువ దూరం లాగితే వాళ్ళు గెలిచినట్ల. నవ్వొద్దు!"

"నవ్వలేదన్నా. దగ్గొచ్చింది."

"నవ్వినావు."

"నవ్వినా. సముద్రం దాటొచ్చిన కారును బండకు కట్టాలని నీకెట్ల తోచిందన్నా?"

"నాకు తోచలే. అంతా మా నాయన నోరు. లేస్తే ఎద్దులు, పండుకుంటే ఎద్దులు. నీ కారు అరిచేదే గానీ పనికి రాదు, నా ఎద్దులు లాగే బండను కదిలిచ్చు చూద్దామని పదిమంది ముందర అన్యాడు. నేనూ సై అన్యా. గెలిస్తే ఆయన ఎద్దులమ్మేయాల."

"ఓడిపోతే?"

"ఓడిపోను."

"ఓడిపోతేనన్నా?"

"కారమ్మేసి... కొట్టంలో పేడెత్తాల. ఊరంతా సాక్షి."

"అలవాటుందా?"

"పాపా!"

"సరే, సరే. వినుకో మరి. టర్బో తిరిగేది ఇంజను వదిలే పొగతోనే. పెద్దది తిరగాలంటే శానా పొగ కావాల. ఇంజను బాగా వేగమందుకున్యాకే దానికి బలమొస్తాది. బండ కట్టినాక నీ బండి వేగమందుకునేదెప్పుడు? చిన్నదైతే మొదట్నే లాగుతాది. దాంతోపాటు గట్టి క్లచ్చు ఎయ్యి. లేకుంటే బండ కదిలేలోపల క్లచ్చు కాలి కూచుంటాది."

"యూట్యూబులో అట్ల చెప్పలే."

"యూట్యూబులో ఎవురన్నా బండ లాగినారా?"

"దుబాయిలో ఒకడు ఇట్లాంటి పెద్దదే పెట్టి విమానంతో పందెం గెలిచినాడు."

"ఆ విమానానికి బండ కట్టినారా?"

"నీకర్థం కాదులే, ఆడపిల్లవి. పెద్దది పెద్దదే. దాని సుయ్యిమనే చప్పుడుకే ఎద్దులు బెదిరి చెల్లాచెదురు కావాల."

"అదా నీ ప్లాను?"

"ఇంగోటుండాది. ఎవురితో అనొద్దు. మా ఎద్దులు తోలే ఓబన్న చెయ్యి ఇరిగింది. అవి కొత్తోళ్ళ మాట ఇనవు. మా నాయన యాడాడో తిరిగి ఎవురో ముసిలాయన్ని పిలుచుకొచ్చినాడంట."

"ఎవురంట?"

"ఏమో. కొట్టంలోనే ఉంటాండంట. నేను మొగం గూడా చూడలే. పేడ వాసన నాకు పడదు, ఆ దిక్కే పోను."

"ముసిలాయనంటే అంత అలుసా అన్నా?"

"ముసిలోడు ఏం తోల్తాడు పాపా! కొట్టంలో కూచోని సద్ది తినేకి వచ్చింటాడు."

"అట్లనా."

"అట్లనే. నువ్వు బిగించు."

"ఇంగొక్కసారి చెప్తాండా. చిన్నదైతే నువ్వు గెలిచినా గెలుస్తావు."

"పెద్దదే!"

"తర్వాత నన్ననొద్దు."

"అనను. దేవునిమింద ఆన."

"గట్టి క్లచ్చన్నా..."

"దానికి పేరేమొస్తాది? అదొద్దు. ఆ పైసలతో బానెట్ మింద ఎర్ర అక్షరాలు రాపిచ్చు, టర్బో అని. పెద్దగా."

"సరేనన్నా. నీ ఇష్టం."

"అట్ల రా దావకు. తిరునాళకు నువ్వూ రావాల పాపా. ముసిలోని మొగం చూద్దువు."

"రాకుండా ఎట్లుంటానన్నా? మీ కొట్టానికి రోజూ అన్నం క్యారేరు తెచ్చేది నేనే. షెడ్డు పెట్టకముందు ఎద్దులే తోల్తాండె మా నాయన."