పిల్లచేపలు ఎంచుకున్న చోటు

యూనివర్సిటీలో కూతురి పరిశోధనకు ఆఖరి పరీక్ష ముగిసేదాకా, తిరుచానూరులో పూలమ్మే ఆ తండ్రి గేటు బయటే నిలబడ్డాడు. ఇప్పుడిద్దరూ ఊరి బస్సెక్కి కూర్చున్నారు.

“ఏమడిగినారుమ్మా?”

“సముద్రంలో పిల్లచేపలు అల యాడికి తోస్తే ఆడే బతుకుతాయి గదా అన్నారు నాయనా. లేదు, వాటి చోటు అవే ఎంచుకుంటాయి అన్నాను.”

“నమ్మినారా?”

“నమ్మలేదు. రామేశ్వరం కాడ నేను చేసింది చెప్పినాను. తొట్టిలో ఒకపక్క బతికుండే పగడపు దిబ్బ ముక్క, ఇంకోపక్క చచ్చిన పగడం పెట్టి, నడిమధ్య పిల్లచేపల్ని వదిలితే అన్నీ బతికుండేదాని కాడికే పోయినాయని.”

“మరింకేం?”

“ఆ పక్క వెలుతురుకు పోయింటాయిలే అన్నాడు మద్రాసు నుంచి వచ్చిన పెద్దాయన.”

“అయ్యో. నాలుగేండ్ల కష్టం గదమ్మా.”

“‘ఆ అనుమానం నాకూ వచ్చింది సార్, అందుకే పగడాల్ని అటూఇటూ మార్చి మళ్ళీ వదిలినాను, మళ్ళీ బతికుండేదాని కాడికే ఈదినాయి’ అన్నాను. ఆయన లేసి నిలబడినాడు నాయనా.”

“కోపమొచ్చిందా?”

“లేదు. చెయ్యి కలిపి, ‘కంగ్రాచులేషన్స్ డాక్టర్’ అన్నాడు.”

తండ్రి కండువాతో కళ్ళు తుడుచుకుని, బస్సంతా వినపడేలా పిలిచాడు.

“కండక్టరప్పా, తిరుచానూరుకు రెండు టికెట్లియ్యి. ఒకటి నాకు, ఒకటి మా డాక్టరుకు.”